నాలుగు వేళ్ళ అడుగు

వాగులకి నోరుండే కాలంలో, రాళ్ళకి చెవులుండే కాలంలో, ఒక వాగు ఒడ్డున ఓబులక్క అనే ముసలామె ఉండేదంట. వాగులో నత్తగుల్లలు ఏరేది, బట్టీలో కాల్చేది, సున్నం చేసి అమ్ముకునేది. ఆ సున్నమే ఎప్పుడో ఆమె ఎడమకాలి చిటికెనవేలు తినేసింది. ఆమె నడిస్తే ఇసకలో నాలుగు వేళ్ళ అడుగు పడేది.

ఆ వాగులో ఒక ఊబి ఉంది. పైకి చూస్తే ఉత్త తడి ఇసకే. కాలు పెడితే మనిషే ఉండడు. ఓబులక్క కొడుకూ కోడలూ అట్లానే పోయారు. మిగిలింది మనవరాలు గంగులు ఒక్కతే.

మిట్టమధ్యాహ్నం గాలి ఆగితే ఊబిలోంచి బుడగలు లేచేవి. బుడగల్లోంచి మునిగిపోయినోళ్ళ మాట లేచేది.

"మాకెవురూ సెప్పలేదూ..."

ఊరి దొర మంచోడు. ఆ మాట విని పెద్ద రాయి తెప్పించాడు. జాగ్రత్త అని దాని మీద పద్యం చెక్కించి, ఊబి అంచున నిలబెట్టించాడు. సంతకి పోయే గంపల మల్లయ్య వచ్చి రాయి చూశాడు.

"అబ్బ, మూట దించుకోడానికి ఎంత మంచి రాయి పెట్టినారు!"

మూట రాయి మీదే ఉండిపోయింది. మల్లయ్య లేడు.

మధ్యాహ్నం బుడగలు లేచాయి. "రాయి మీద రాసుండాదిగదయ్యా!" అని అరిచింది ఓబులక్క.

"మాకెవురూ సెప్పలేదూ..."

రాస్తే చదవలేరు, బొమ్మేస్తే చూస్తారు గదా అనుకుంది ఓబులక్క. ఊబి పక్కన మూడు రాళ్ళ మీద వరసగా సున్నంతో బొమ్మలేసింది. మొదటి రాయి మీద మనిషి నిలబడి ఉన్నాడు. రెండో రాయి మీద నడుందాకా దిగిపోయాడు. మూడో రాయి మీద చెయ్యి ఒకటే మిగిలింది. ఊళ్ళోవాళ్ళు చూసి "అమ్మో" అని వెనక్కి తిరిగారు. ఓబులక్క ఆ పూట కడుపునిండా తినింది.

మరునాడు అవతలి ఒడ్డు నుంచి కొత్త పెళ్ళికూతురు ఒకతి మొగుడితో వచ్చింది. అటునుంచి వచ్చేవాళ్ళకి ముందు కనపడేది చెయ్యి. తర్వాత సగం మనిషి. తర్వాత నిండు మనిషి.

"సూడయ్యా! అమ్మోరు భూమిలోంచి లేస్తా ఉండాది!" అంది ఆ పిల్ల. చెప్పులు విడిచింది. పసుపూ కుంకుమా తీసుకుని మొక్కుకోడానికి దిగింది. మొగుడికి ఆ చెప్పులే మిగిలాయి.

ఓబులక్క కొంగుతో బొమ్మలు తుడిచేసింది. రాళ్ళు అరిగేదాకా తుడిచింది. మధ్యాహ్నం బుడగలతో పాటు గాజుల చప్పుడు కూడా లేచింది.

"మాకెవురూ సెప్పలేదవ్వా..."

"నిజమే తల్లీ. నేనేసింది నాకు తెలిసింది. నీకేం తెలిసిందో అడగలేదే నేను."

ఈసారి సున్నంలో ఎడమకాలు ముంచి, ఊబి లేని చోట గట్టి బండల మీద అడుగులేసింది. కాలు మండింది. అయినా వేసింది. అవతలి ఒడ్డున కూచుని వచ్చే ప్రతివాళ్ళనీ ఆపింది.

"ఇది సూస్తే నీకేం తెలిసింది?"

గొర్లకాపరి అన్నాడు, "ఒంటికాలి దెయ్యం తిరగతా ఉండాదని తెలిసిందవ్వా. నేను రాను." ఓబులక్క రెండోకాలు కూడా ముంచింది.

"నీకేం తెలిసింది?"

చూపు తగ్గిన ముసలామె అంది, "ఏడుండాయే అడుగులు? నాకేం కనపళ్ళా." ఓబులక్క చిక్కటి సున్నం పూసింది.

"నీకేం తెలిసింది?"

తల్లి చెయ్యి విడిపించుకుని ఒక చిన్నపిల్ల అడుగు మీద అడుగేసుకుంటా పోయింది. "ఉన్నకాడ ఎయ్యాల. లేనికాడ ఎయ్యకూడదు," అంది.

ఆనాటి నుంచి ఊబి ఎవర్నీ మింగలేదు. వాన కడిగినప్పుడల్లా ఓబులక్క మళ్ళీ అడుగులేసేది.

ఒకసారి గంగులు సున్నం గంపతో అవతలి సంతకి పోయింది. అవ్వ జ్వరంతో పడుంది. ఆ రాత్రి కుండపోతగా వాన పడింది. తెల్లారి గంగులు తిరిగొచ్చేసరికి వాగంతా మంచు. బండలన్నీ కడిగేసున్నాయి. ఒక్క అడుగూ లేదు. ఏది బండో, ఏది ఊబో!

"అవ్వా!" అని ఏడ్చింది.

ముందున్న బండ మీద తెల్లటి అడుగు ఒకటి పడింది. దాని తర్వాత ఇంకొకటి. మనిషి లేదు. అడుగులు మాత్రం పడతా ఉన్నాయి. సున్నం తడిగా ఉంది. ఎడమ అడుగుకి నాలుగే వేళ్ళు.

మంచులోంచి మాట వచ్చింది. "నీకేం తెలిసింది?"

"ఉన్నకాడ ఎయ్యాల అవ్వా. లేనికాడ ఎయ్యకూడదు." అనుకుంటా ఒడ్డు చేరింది పిల్ల.

ఇంటి ముందు జనం. "నీ కోసమే సూస్తా ఉండామమ్మే," అంది పక్కింటామె. "అవ్వ కోడి కూసేటప్పుడే పోయింది."

గంగులు అవ్వ కాళ్ళ మీద దుప్పటి తీసింది. రెండు పాదాల నుంచీ సున్నం ఇంకా కారతా ఉంది.

అందుకే ఆ పక్క ఊళ్ళల్లో ఈనాటికీ ఎవరికైనా దారి చెప్తే, మందు చెప్తే, మంచీచెడ్డా ఏది చెప్పినా, చివర్న "నీకేం తెలిసింది?" అని అడిగి, బదులు విన్నాకే వదులుతారు. వాన వెలిశాక వాగులో అడుగులుంటాయి. ఎవరేసేదీ ఎవరూ చూడలేదు. వాటి మీద నడిచి ఒడ్డెక్కేవాళ్ళు "తెలిసింది ఓబులక్కా" అని ఒక మాట అంటారు.

అనకుండా పోయేవాళ్ళ వెనకాల తడి కాళ్ళ చప్పుడు ఇంటిదాకా వస్తుందంట. మళ్ళీ మళ్ళీ అడుగుతుందంట, బదులు చెప్పేదాకా.