సున్నంబట్టి కండ్ల మైసమ్మ

సికింద్రాబాదు రైలు పట్టాలకు ఆవల, సున్నంబట్టి బస్తీలో, కల్లు కాంపౌండు గోడకూ ఫుట్‌బాల్ మైదానానికీ నడుమ శ్రీ కండ్ల మైసమ్మ తల్లి వెలసి ఉన్నది. గుడి చిన్నది. పదిమంది నిలబడితే నిండిపోతుంది. అమ్మవారు మూరెడు ఎత్తున్న నల్లరాయి. ఆ రాతిలో ముక్కు, నోరు కానరావు. రెండు పెద్ద కళ్లు మాత్రమే ఉన్నాయి. కొత్తగా వచ్చే భక్తులు ఈ తల్లి కంటిజబ్బులు నయం చేస్తుందని అనుకుంటారు. మన వైపు కండ్లమంట అంటే ఎదుటివారి బాగును చూసి ఓర్వలేకపోవడమని కూడా అర్థం. అమ్మ చల్లార్చేది ముఖ్యంగా ఆ మంటనే.

పూర్వం ఇక్కడ సున్నపు బట్టీలు ఉండేవి. కంటోన్మెంటు దండులోని సైనికుల ఆట చూసి బట్టీ కూలీలు బంతి ఆడటం నేర్చుకున్నారు. బూట్లు లేకుండానే ఆడేవారు. ఆదివారం ఆట ముగిశాక అందరూ కల్లు అమ్మే గౌండ్ల ఈశ్వరమ్మ కాంపౌండులో చేరేవారు. పెళ్లి మాటలు, తగవుల తీర్పులు, జట్టులో ఎవరు ఉండాలన్న నిర్ణయాలు అన్నీ అక్కడే జరిగేవి. ఆ రోజు బాగా ఆడినవానికి ఈశ్వరమ్మ తన చేత్తో మొదటి లొట్టి అందించేది. చిన్న మట్టికుండెడు కల్లు అది. కానీ దానికోసం మగవాళ్లు ప్రాణం పెట్టి ఆడేవారు.

పదేళ్లపాటు ఆ లొట్టి జంగయ్యదే. అతడు బట్టీలో సున్నం కాల్చేవాడు, జట్టుకు ముందువరుస ఆటగాడు. భార్య సత్తెమ్మకు తల్లిదండ్రులు లేరు. ఆమె తమ్ముడు మొగులయ్య చిన్ననాటినుంచి ఆ ఇంట్లోనే పెరిగాడు. అతనికి బంతి ఇచ్చి ఆట నేర్పింది జంగయ్యే. జట్టులోకి తెచ్చిందీ అతడే.

మొగులయ్యకు ఇరవై ఏళ్లు వచ్చేసరికి సంగతి మారింది. ఒక ఆదివారం ఈశ్వరమ్మ లొట్టి పట్టుకొని వచ్చి, అలవాటుగా చేయి చాచిన జంగయ్యను దాటి మొగులయ్య ముందు నిలిచింది. చాచిన చేతిని ఏం చేయాలో తోచక జంగయ్య తల గోక్కున్నాడు. అందరూ నవ్వారు. అతడూ నవ్వాడు.

అప్పటినుంచి అతనికి అన్నీ కనబడసాగాయి. అంతవరకు మొగులయ్యను ‘జంగయ్య బామ్మర్ది’ అనేవారు; ఇప్పుడు కొత్తవాళ్లు తనను ‘మొగులయ్య బావ’ అంటున్నారు. ఇంట్లో ఉడికిన కోడిగుడ్డు మొగులయ్య పళ్లెంలోకి పోతున్నది. “ఆడేటోడు గదా, తిననీ” అన్నది సత్తెమ్మ. ‘నేను ఆడతలేనా?’ అని జంగయ్య అడగలేదు. మొగులయ్య తనకు మర్యాద తప్పినా బాగుండేది. కానీ అతడు గోల్ కొట్టిన ప్రతిసారీ పరుగెత్తుకొచ్చి, “నువ్వు చెప్పినట్టే కొట్టిన బావా!” అనేవాడు. ఆ మాటకే జంగయ్యకు కండ్లు మండేవి.

ఆ ఏడు ఆషాఢంలో జరిగే పెద్ద పోటీ ఆఖరి ఆటకు మద్రాసునుంచి ఒక జట్టు పెద్దలు వస్తున్నారని, మొగులయ్యను చూసి తీసుకుపోతారని తెలిసింది. ఆ ఉదయం మైదానంలో సున్నంతో గీతలు గీసే పని జంగయ్యది. గీతలు గీసి, మిగిలిన గుప్పెడు సున్నం పొడిని అతడు మొగులయ్య తువాలు మడతల్లో వేసి గోల్ స్తంభానికి తగిలించాడు.

సగం ఆట అయ్యాక మొగులయ్య చెమట కారుతూ వచ్చి ఆ తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. “అక్కా! నా కండ్లు!” అని కూలిపోయాడు. ఈశ్వరమ్మ కుండలతో నీళ్లు తెచ్చి కడిగింది. గీతల మీది సున్నం గాలికి ఎగిరి పడిందని అందరూ అనుకున్నారు. మొగులయ్య ఆడే చోటికి జంగయ్య మారాడు. గెలుపు గోల్ అతడే కొట్టాడు. సాయంత్రం మొదటి లొట్టి మళ్లీ అతని చేతికి వచ్చింది. పెదవుల దాకా తీసుకుపోయి, తాగకుండానే పక్కవానికి ఇచ్చేశాడు.

మొగులయ్య కుడికన్ను నిలిచింది. ఎడమకంటి చూపు పోయింది. మద్రాసువారు మరొకరిని తీసుకుపోయారు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం జంగయ్య గోల్ స్తంభానికి ఒరిగి కునుకు తీశాడు. కలలో పసుపు ముఖంతో ఒక స్త్రీ కనబడింది. ఆమె కళ్లనిండా సున్నం ఉన్నది. “కొడుకా, నా కండ్ల మీద కట్టె పాతి ఆడుతున్నరు. నన్ను తియ్యి. నలుగుర్ల నా కండ్లు కడుగు. కడిగేటప్పుడు నువ్వు చేసింది చెప్పు” అన్నది. అతడు లేచి స్తంభం పెరికి తవ్వాడు. నడుములోతున ఈ రాయి దొరికింది. కళ్ల గుంటల్లో తెల్లని సున్నం గట్టిపడి ఉన్నది.

ఆ ఆదివారం కాంపౌండు నిండుగా ఉండగా జంగయ్య రాయిని నిలబెట్టి, కల్లుతో కళ్లు కడుగుతూ గొంతెత్తి చెప్పాడు: “తువాలల సున్నం పోసింది నేనే. వాడు నాకంటె మంచిగ ఆడుతుండు. చూడలేకపోయిన.”

సత్తెమ్మ ముందుకు వచ్చింది. “నెల దినాలు వాని కండ్లల్ల మందు నీ చేతనే ఏయించిన గదయ్యా” అన్నది.

జంగయ్య లొట్టి నింపి మొగులయ్య ముందు పట్టాడు. మొగులయ్య దాన్ని ముట్టలేదు. “తల్లి కండ్లు కడిగినవు బావా, మంచిదే” అని లేచి వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం జంగయ్య మళ్లీ కడిగి, మళ్లీ చెప్పి, మళ్లీ లొట్టి పట్టాడు. మూడేళ్లు ఇలాగే జరిగింది. ఆట మానేసి గీతలు మాత్రం గీసేవాడు. మొగులయ్య ఒక కంటితోనే కొత్తవారికి ఆట నేర్పసాగాడు. నాలుగో ఏడు వేసవిలో ఒకనాడు అతడు ఎండలో ఆట నేర్పి వచ్చి, చేయి చాచి లొట్టి అందుకున్నాడు. రెండు గుటకలు తాగి, “మర్చిపోయిన అనుకోకు బావా. దూపైంది” అన్నాడు. మిగిలింది జంగయ్యకు ఇచ్చాడు. జంగయ్య అక్కడే నిలబడి ఏడుస్తూ తాగాడు.

నేటికీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఈ ఆచారం సాగుతున్నది. ఎవరిమీద కండ్లమంట ఉన్నదో వారిని వెంటబెట్టుకొని వచ్చి, అమ్మ కళ్లు కడిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పి లొట్టి అందించాలి. కల్లు ముట్టనివారు మజ్జిగ తేవచ్చు. అందుకోవాలన్న నిర్బంధం ఎదుటివారికి లేదు. అందుకోకపోతే కోపగించరాదు, లొట్టిని అమ్మ ముందర ఉంచి వచ్చే వారం మళ్లీ రావాలి. ఇలా సేవించినవారి ఇండ్లు చల్లగా ఉంటాయని పెద్దల మాట.

బస్తీలోనే ఉండే ఒక చెల్లెలు పదకొండేళ్లుగా తన అక్కకు మజ్జిగ లొట్టి పడుతున్నది. అక్క ఇంతవరకు అందుకోలేదు. కానీ ఒక్క ఆదివారం కూడా ఆ అక్క రాకుండా ఉండలేదు.