నాగలింగాచారి ప్రస్థానం మూట

అనగనగా, మీ తాత పుట్టకముందు, ఆయన తాతకి మీసం మొలవకముందు, కొండ కింద ఒక ఊళ్ళో నాగలింగాచారి అనే వడ్రంగి ఉండేవాడు. మామూలు వడ్రంగి అనుకునేరు! ఆయన చేసిన చక్రాన్ని ఒక్క తోపు తోస్తే మూడు ఊళ్ళు దొర్లేది. నాలుగో ఊరివాళ్ళు హారతి పట్టి బతిమాలితే తప్ప ఆగేది కాదు. నా ఈ రెండు కళ్ళతో చూశాను. ఎప్పుడు చూశావని అడక్కండి. నా పని చెప్పడం, మీ పని ఊ కొట్టడం.

అంతటివాడు తన ఊరి పొలిమేర దాటి ఎరగడు. బండి బాగుచేయించుకోను వచ్చిన ప్రతి బాటసారీ, ఫలానా చోట రాయి పాడుతుందనీ, ఫలానా చోట ఏరు వెనక్కి పారుతుందనీ చెప్పేవాడు. నాగలింగాచారి ఉలి కింద పెట్టి, ఆ చోటి పేరు తాటాకు మీద గీసుకునేవాడు. నలభై ఏళ్ళలో నూట ఎనిమిది తాటాకులయ్యాయి. అవన్నీ తిరిగి రావాలని ఒక గూడుబండి కట్టాడు. బండా అది? ఇల్లు! లోపల పడక, పొయ్యి, ఉట్టి, వానకి మూసుకునే తలుపులు. లాగడానికి నలభై ఎడ్లు కావాలి. సరే, నాలుగే అనుకోండి, కానీ ఒక్కొక్కటీ ఏనుగంత. ఆ బండికి సరిగ్గా కోడలి కళ్ళ ఎత్తుకి ఒక కిటికీ పెట్టాడు.

కోడలి పేరు పేరిందేవి. తల్లి లేని పిల్ల. కాపురానికొచ్చిన నాటి నుంచీ, ఆకలని ఆ పిల్ల నోరు తెరవకముందే కంచం ముందు పెట్టింది మామగారే. మొగుడు శరభయ్యా ఉన్నాడు. బాడిస పట్టి చెక్కాడంటే బంగారం, నోరు తెరిచాడంటే మట్టిబెడ్డ.

బయల్దేరే రోజొచ్చింది. ముసురు పట్టింది. మంచి ఘడియ దాటిపోతోంది, ఇరుసుకేమో ఇంకా నూనె పట్టించలేదు. అప్పుడేం చేస్తారు? ప్రస్థానం పెడతారు. మనిషి కదలకపోయినా, ఆయన కండువాలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము మూటగట్టి, వెళ్ళే దిక్కున ఉన్న వాళ్ళింట్లో ఉంచితే ప్రయాణం మొదలైనట్టే. నాగలింగాచారి మూటని గానుగ గవరమ్మ ఇంట్లో పెట్టించాడు. వచ్చి ఇరుసు కింద దూరాడు. నూనె గిన్నె చేతిలో ఉండగానే కన్నుమూశాడు.

ఊ కొడుతున్నారా? కొట్టండి. ఇక్కడ ఊ కొట్టకపోతే నాకే భయం.

పదోనాడు ఏటి ఒడ్డున పిండం పెట్టారు. కాకి వచ్చింది, చూసింది, పోయింది. ఇంకోటి వచ్చింది, చూసింది, పోయింది. గారెలు పెడతామన్నారు, రాలేదు. అరుగు కట్టిస్తామన్నారు, రాలేదు. శరభయ్య రెక్కలు ఆడించి తనే కావుమన్నాడు. ఉన్న కాకులు కూడా ఎగిరిపోయాయి.

ఆ సాయంత్రం పేరిందేవి గూడుబండి దగ్గర దీపం పెట్టబోతే ఏడుపు వినిపించింది. బండి ముందుకి చాచిన నొగ మీద మామగారు కూర్చుని ఉన్నాడు, తడిసిన పొగలాగా. ఆమెకి తప్ప ఎవరికీ కనిపించలేదు.

యమభటులు వచ్చారట. ప్రస్థానం పెట్టినవాడు ఊళ్ళో ఉన్నట్టు కాదు, దారిలో ఉన్నట్టు అన్నారట. దారిలో వెతుకుదామంటే బయల్దేరనే లేదాయె. వట్టి చేతులతో పోయారట. 'అటూ కాకుండా ఇటూ కాకుండా ఇరుక్కుపోయానమ్మా, ఏడాది లోపల ప్రయాణం ముగించి ఆ మూట విప్పకపోతే ఇంతే, ఈ నొగకి అంటుకుని ఉండిపోవాలిట' అని వలవలా ఏడ్చాడు.

అంతేనా అనుకుని పేరిందేవి గవరమ్మ ఇంటికి పరిగెత్తి మూట తెచ్చింది. విప్పబోతే ముడి రాలేదు. ఆమె చెప్పిన సంగతి విని శరభయ్య పళ్ళతో లాగాడు. పన్ను ఊడింది, ముడి ఊడలేదు.

మర్నాడే బండి కట్టారు. శరభయ్య ముందు, పేరిందేవి కిటికీ దగ్గర, నొగ మీద మామగారు, ఉట్టిలో మూట. వెంట వాన. తాటాకుల వరసలోనే పోవాలని మామగారి పట్టు. మొదటి ఆకులో ఉత్తరాన వేడినీళ్ళ గుండం. పోయారు. రెండో ఆకులో దక్షిణాన పాడే రాయి. పోయారు. మూడో ఆకులో మళ్ళీ ఉత్తరాన, ఆ గుండం పక్కనే, గుడ్లగూబల కోట!

"మామయ్యా, ఇది మొన్న మనం దాటొచ్చిన చోటే కదండీ!" అంది పేరిందేవి.

"నాకు చెప్పినవాళ్ళు ఆ వరసలో చెప్పారమ్మా. రాసుకున్న వరస తప్పితే ఎట్లా?"

శరభయ్యకీ ఒక ఉపాయం తట్టింది. మాటిమాటికీ బండి తిప్పే బదులు ఎడ్లని వెనకవైపు కట్టేస్తే సరిపోదూ అన్నాడు. ఎడ్లు కూడా మొహం తిప్పుకున్నాయి.

అట్లా ఉత్తరానికి, దక్షిణానికి, ఉత్తరానికి, దక్షిణానికి. ఎనిమిది నెలలు గడిచాయి, ఆరు ఆకులు పూర్తయ్యాయి. పొయ్యి మీద గంజి తప్ప ఇంకోటి ఉడకలేదు. ఎడ్ల మెడలు కాయలు కాశాయి. ఏ చోటు చేరినా మామగారు ఒక్కసారి చూసి, ఇంతేనా అన్నట్టు తల వంచుకునేవాడు. రోజురోజుకీ పలచబడుతున్నాడు. ఒకనాటి సాయంత్రం ఆయన గుండెలోంచి అవతలి ఎద్దు కొమ్ములు కనిపించాయి. మిగిలింది నాలుగు నెలలు. ఆకులు నూట రెండు. ఈ మనిషి ఈ నొగ మీదే చెరిగిపోతాడు అనుకుంది పేరిందేవి.

ఆమె తాటాకుల కట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మామయ్యా, ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. ఇవన్నీ ఎవరెవరో చూసి వచ్చిన చోట్లు. మీరు చూడాలనుకున్నది ఏది?"

చీకటి పడుతుండగా ఆయన మెల్లిగా చెప్పాడు. పదహారో ఏట మొదటి బండి చేశాడట. చక్రాల నడిబొడ్డున చిలకబొమ్మ చెక్కాడట. ఉప్పువాడొకడు కొనుక్కుని తూర్పుకి తోలుకుపోయాడట. తరవాత ఎన్ని చేసినా, మనసు ఆ చక్రం వెనకే పోయిందట. 'అదింకా తిరుగుతోందా లేదా, అదమ్మా నాకు కావలసింది. రాసుకుందామంటే దానికో ఊరు పేరు లేదు.'

పేరిందేవి చీరచెంగుకి ఒక ముడి వేసింది. "చిలక చక్రం. ఇదొక్కటే మన గురి. ఏ దారి, ఎన్నాళ్ళు, ఎక్కడ బస, అవేవీ ఇప్పుడు అనుకోవద్దు. పొద్దుగూకే వేళకి ఎదురైనవాణ్ణి అడుగుదాం, చెప్పినవైపు తెల్లారి పోదాం."

ఆయన గింజుకున్నాడు. దారి రాసుకోకుండా పోవడమేంటన్నాడు, తప్పిపోతామన్నాడు. 'ఎనిమిది నెలలుగా రాసుకున్న దారిలోనే తప్పిపోయాం కదండీ' అంది. ఆయన కట్ట ఉట్టిలో పెట్టెయ్యమన్నాడు. నాలాంటిదే ఆ పిల్ల. ఒక్క మాటతో ఏడూళ్ళ పంచాయతీ తేల్చాను నేను, అది ఇంకోరోజు చెప్తాను.

తూర్పుకి తిప్పారు. ఉప్పు కొటార్ల దగ్గర ఉప్పువాడి కొడుకుని అడిగితే, ఆ బండి బెల్లంవాడికి అమ్మామన్నాడు. బెల్లంవాణ్ణి అడిగితే, వరదలో విరిగింది, కట్టెలవాడికి ఇచ్చేశానన్నాడు. కట్టెలవాడేమో, నొగ పొయ్యిలోకి పోయింది, కాడి కంచెలోకి పోయింది, ఒక చక్రం ఏట్లోకి పోయింది, ఇంకో చక్రం, ఇంకో చక్రం అంటూ బుర్ర గోక్కున్నాడు. బుర్ర గోక్కోవడానికే మూడు రోజులు పట్టింది వాడికి. ఇంకో చక్రాన్ని పుంతదారి పక్కన ఉండే కుమ్మరి అడిగి పట్టుకుపోయాడని నాలుగోనాడు చెప్పాడు.

వెళ్ళేసరికి ఏడాదికి ఇంకొక్క రోజు మిగిలింది. ముసురే. చూరు కింద ముసలి కుమ్మరి సారె తిప్పుతున్నాడు. సారె అంటే చక్రమేగా. చక్రం లోపలి ఆకుకర్రలకి మట్టి మెత్తి, ఇరుసు బదులు కొయ్యమేకు మీద నిలబెట్టాడు. నడిబొడ్డున మట్టి గీకి చూస్తే, చిలక.

"ఎన్నాళ్ళయింది తాతా, ఇది ఇక్కడికొచ్చి?"

"ముప్పై ఏళ్ళమ్మా. పెట్టిన చోటి నుంచి జానెడు కదిలింది లేదు."

పేరిందేవి ఆ చూరుని, ఆ కొయ్యమేకుని చూసింది. లోకమంతా తిరిగి ఉంటుందని మామగారు మనసుతో వెంట పరిగెత్తిన చక్రం ఇక్కడ చూరు కింద, ఆయనలాగే, పొలిమేర ఎరక్కుండా పడి ఉంది. ఎట్లా తట్టుకుంటాడీ మనిషి? తల తిప్పి చూసే ధైర్యం కూడా లేకపోయింది.

వెనకనుంచి మామగారు సన్నగా అడిగాడు. "అమ్మాయీ, అది ఊగుతోందేమో అడుగు."

అడిగింది. కుమ్మరికి కోపమొచ్చింది. "ఊగడమా? కుండ అంచు చూడు తల్లీ! వెంట్రుకవాసి ఊగినా అంచు వంకరపోదూ? ఇక్కణ్ణుంచి సముద్రం దాకా ఏ ఇంట్లో నీళ్ళు తాగినా ఈ సారె మీది కుండే."

నాగలింగాచారి వంగి, తిరుగుతున్న చక్రానికి చెవి ఆనించి విన్నాడు. చాలాసేపు విన్నాడు. తరవాత నవ్వాడు. పోయాక నవ్వడం అదే మొదలు. "మూట తీసుకురామ్మా" అన్నాడు.

పేరిందేవి వేలు తగిలీ తగలకముందే ముడి జారిపోయింది. ఏడాది నాటి ఆ గుప్పెడు బియ్యాన్ని అదే సారె మీద చేసిన కొత్త కుండలో వండింది. శరభయ్య వానలో ఆకు పరిచి ముద్ద పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడో లేదో, తడిసి ముద్దయిన కాకి ఒకటి వాడి భుజాన్ని రాసుకుంటూ వాలింది. మెతుకు మిగల్చలేదు.

పేరిందేవి నొగ వైపు చూసింది. నొగ మీద వాన పడుతోంది. అంతే. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల, ఏడాదిగా దాచుకున్నదంతా.

ఇంటికొచ్చాక మొగుడూ పెళ్ళాం చల్లగా ఉన్నారు, పిల్లాపాపలు కలిగారు. ఏటా పంటలయ్యాక గూడుబండి కట్టేవారు. చెంగున ఒక్కటే ముడి. మిగతాదంతా దారికే వదిలేసేవారు. అందుకే చెప్తాను, ఎక్కడికి అన్నది గట్టిగా ముడేసుకోండి, ఎట్లా అన్నది కాస్త వదులుగా ఉంచండి. గూట్లో ముడివేసి పెట్టిన మూటలేమైనా ఉంటే, బతికుండగానే విప్పుకోండి.

కథేమో కంచి బండి ఎక్కేసింది. మనం మన దుప్పట్లోకి. కాళ్ళు కప్పుకోండర్రా, ముసురుగా ఉంది.