చూడకుండా ఇచ్చిన దారం

హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో పరంజ్యోతి అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. తెలివికి లోటు లేదు, ఓపికే లేదు.

లోపలి కుట్లకు పనికొచ్చే దారం ఒకటి అతను తయారుచేస్తున్నాడు. గాయం మానేదాకా అది బిగిసి ఉండాలి, ఆ తరువాత ఒంట్లోనే కరిగిపోవాలి. అందుకు దారంలోని అణువుల గొలుసులన్నీ ఒకే పొడవుండాలి. జింకుతో చేసిన ఉత్ప్రేరకం, మాల కట్టేవాళ్ళు పువ్వు పక్కన పువ్వు చేర్చినట్టు, అణువు పక్కన అణువు చేర్చేది. అయితే తక్కువ వేడి మీద రెండు రోజులు పట్టేది.

"వేడి పెంచితే గొలుసులు తెగి ఎగుడుదిగుడుగా అతుక్కుంటాయి బాబూ. పైకి ఏమీ తెలియదు. కొలిచి చూడాల్సిందే" అని పెద్ద శాస్త్రవేత్త నాగరత్నమ్మగారు చెబుతూనే ఉండేవారు.

ఒకరోజు పశువైద్యశాల నుంచి ఫోను వచ్చింది. పెళ్ళి ఊరేగింపుల్లో బండి లాగే గుర్రానికి కడుపులో గడ్డ తీయాలి. "మీ దారం వాడి చూస్తాం. ఆలస్యమైతే రెండు రోజులు ఆగుతాం" అన్నాడు డాక్టరు.

"ఆగక్కర్లేదు, రేపే తెస్తాను" అన్నాడు పరంజ్యోతి. వేడి పెంచాడు. సాయంత్రానికే దారం పాలలా తెల్లగా వచ్చింది. దాన్ని కొలవకుండానే తీసుకెళ్ళాడు.

అక్కడ గుర్రం యజమాని ఖాసిం కళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "దారం మంచిగ చూసిండ్రా సార్? మా చాందినికి ఏం గాదు గద?" అన్నాడు.

"చూశాను. భయపడకండి" అన్నాడు పరంజ్యోతి. ఖాసిం ఒప్పుకున్నాడు. డాక్టరు గడ్డ తీసి ఆ దారంతోనే కుట్లు వేశాడు.

తొమ్మిదోనాడు, గాయం మానకముందే, లోపలి కుట్లు కరిగి విడిపోయాయి. పరంజ్యోతి పరుగున వెళ్ళేసరికి చాందిని ప్రాణం పోయింది. ఖాసిం దాని జూలులోని గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

"తప్పు నాదే ఖాసిం భాయ్. నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

ఖాసిం తల ఎత్తలేదు. "దారం సంగతి నాకేం తెలుస్తది సార్? నేను మీ మాటనే నమ్మిన" అన్నాడు.

పరంజ్యోతి జరిగిందంతా నాగరత్నమ్మగారికి రాసిచ్చాడు. మిగిలిన దారం కాల్చేశారు. మరుసటి ఏడాది అతను నిదానంగా చేసి, ప్రతి మూరా కొలిచిన దారం ఎన్నో మూగజీవాల గాయాలను మాన్పింది. ఆ మాట చెప్పాలని ఖాసింను వెతుక్కుంటూ వెళ్ళాడు. అతను ఊరు విడిచి ఎటో వెళ్ళిపోయాడన్నారు. పరంజ్యోతి ఖాళీ గుర్రపుసాల ముందు చాలాసేపు నిలబడి, తిరిగి వచ్చేశాడు.

నీతి: తొందరలో చేసిన తప్పును దిద్దుకోవచ్చు, చూడనిదాన్ని చూశానని చెప్తే, ఆ మాట నమ్మినవారికి జరిగిన నష్టాన్ని ఎన్నటికీ దిద్దలేం.