చౌడేశ్వరి మోసిన సంచులు

నేను ఇదివరకు కథంటూ ఏదీ రాసి ఎరగను. అయిదో తరగతితోనే బడి ఆగిపోయింది. రాతలో తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి పిల్లలూ.

వేటపాలెంలో మగ్గం నేసుకుని బతికే చౌడేశ్వరికి ఎవరేమడిగినా కాదనడం చేతకాదు. పక్కింటావిడ "పొయ్యి మీద పాలు పెట్టాను, కాస్త చూస్తుండు" అంటే, తన పాలు పొంగిపోతున్నా ఆవిడ పాలే చూస్తూ కూర్చునేది. "కుదరదంటే ఏమనుకుంటారో" అనుకునేది. అలా అనుకుంటూనే సగం వయసు గడిపేసింది.

ఆమె అన్నయ్య కూతురు హిమబిందుకు పెళ్ళి కుదిరింది. బిందు, పెళ్ళికొడుకు ఇద్దరూ బెంగుళూరులోనే ఉద్యోగం చేస్తున్నారు. అందుకని పెళ్ళి కూడా అక్కడే, ఊరి చివర ఒక పెద్ద హోటల్లో పెట్టుకున్నారు. చుట్టాలంతా రైలెక్కి అక్కడికే వెళ్ళాలి.

బిందు చిన్నప్పుడు సెలవులకు వచ్చి మగ్గం పక్కనే కూర్చునేది. "అత్తా, నా పెళ్ళికి మధుపర్కాలు నువ్వే నెయ్యాలి" అని ఒకసారి చేతిలో చెయ్యి వేయించుకుంది. మధుపర్కాలంటే ముహూర్తం వేళ వధూవరులు కట్టుకునే ఎర్రంచు తెల్లబట్టలు. ఆ మాట చౌడేశ్వరి మరిచిపోలేదు. సన్ననూలు తెప్పించి, అంచు పొడుగునా మామిడి పిందెలు వేసి నేసింది. ఆ జత పూర్తయ్యేదాకా మగ్గం మీద ఇంకో బట్ట ఎక్కించలేదు.

ప్రయాణానికి ముందు బిందు తన గొంతుతో ఒక కబురు రికార్డు చేసి చుట్టాలందరి ఫోన్లకూ పంపింది.

"అత్తలూ మామయ్యలూ వినండి. మనిషికి ఒక్కటే పెట్టె. పెళ్ళికి కావలసిన వస్తువు ఏదైనా ఉంటే విడిగా చేతిసంచిలో పెట్టుకోండి, దాన్ని కిందికి దించకండి. రైలు దిగగానే మేం పంపిన కారెక్కండి, ఊళ్ళోకి పోవద్దు. ఇక్కడ దూరమెంతని అడగొద్దు, ఎంతసేపు పడుతుందని అడగండి. ఇబ్బంది ఏదొచ్చినా మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్యండి. పెళ్ళికూతురు కదా అని చూడకండి."

చౌడేశ్వరి రెండుసార్లు విని, "ఎంత బాగా చెప్పిందో నా తల్లి" అని మురిసిపోయింది.

సాయంత్రం కోటమ్మ పిన్ని వచ్చింది. ఆవిడది ఎదురిల్లు.

"బెంగుళూరు పోతున్నావంటగా! అక్కడున్న మా అబ్బాయి సురేంద్రకి నాలుగు సున్నుండలు చుట్టాను. పట్టుకెళ్ళవే. చేతిలో పట్టేంతే."

ఆ సంచి చేతిలో కాదు, చంకలో కూడా పట్టేలా లేదు.

"ఎక్కువ సామాను తేవద్దందమ్మా బిందు..." అని చౌడేశ్వరి మొదలుపెట్టి, మిగతాది మింగేసి, సంచి అందుకుంది.

కోటమ్మ గుమ్మం దిగకముందే వీధిలో కబురు పాకింది. ఒకావిడ ఆవకాయ జాడీ తెచ్చింది. ఇంకొకావిడ అల్లుడి కోసం బూరుగు దూది దిండు తెచ్చింది. "బరువేముందే, ఉన్నదంతా గాలేగా!" అంది. అందరూ "నీకు దారిలోనే" అన్నారు. బెంగుళూరు చూడనివాళ్ళందరికీ బెంగుళూరులో అన్నీ దారిలోనే ఉన్నాయి. పైగా అన్నీ ఊళ్ళో ఉన్న ఒకే బట్టలకొట్టువాళ్ళిచ్చిన పచ్చసంచులు.

రైల్లో ఆవకాయ నూనె కారింది. చౌడేశ్వరి తన పెట్టెలోంచి మధుపర్కాలు తీసి, కాగితంలో చుట్టి, తన దగ్గరున్న ఖాళీ పచ్చసంచిలో పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఇంతలో ఎదురుసీటు అమ్మాయి, "ఆంటీ, వీణ్ణి కాస్త ఎత్తుకుంటారా, పడుకుని లేస్తాను" అంది. చౌడేశ్వరి సంచి కింద పెట్టి పిల్లవాణ్ణి ఎత్తుకుంది. ఆ అమ్మాయి తెల్లారాక లేచింది. బండి ఆగేసరికి సంచులన్నీ ఒకే కుప్పలో ఉన్నాయి.

స్టేషన్ బయట డ్రైవరు బిందు పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. "ఎక్కండమ్మా, మీరొక్కరే తక్కువ" అన్నాడు.

"మీరు పదండి బాబూ. నాకు చిన్న పనుంది, అయ్యాక వస్తా" అంది చౌడేశ్వరి.

చిన్న పని పొద్దుపోయేదాకా పట్టింది. ఆటోలు మారి మారి తిరిగింది. ఆవకాయ అందుకున్నావిడ, "అయ్యో, డాక్టరు కారం మానెయ్యమన్నారండీ" అని నిట్టూర్చి పుచ్చుకుంది. దిండు అందుకోవలసిన అల్లుడు ఊళ్ళోనే లేడు, దాన్ని పక్కింట్లో అప్పజెప్పింది. సురేంద్ర ఫోన్లో, "చౌడక్కా, నేను ఆఫీసులో ఉన్నా. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చెయ్" అన్నాడు. తొందరలో చేతికందిన పచ్చసంచి ఇచ్చేసింది.

హోటలు చేరేసరికి దీపాలు పెట్టేశారు. పెళ్ళికూతుర్ని చేసే వేడుక అయిపోయింది. గదిలోకి వెళ్ళి, మిగిలిన సంచి విప్పి, కాగితం చుట్ట కోసం చెయ్యి పెట్టింది. చేతికి డబ్బా తగిలింది. మూత తీస్తే సున్నుండలు.

వాచ్‌మన్‌కి ఇచ్చింది బట్టల సంచి! సురేంద్రకి ఫోన్ చేసింది.

"అవునా అక్కా? నేనింకా ఆఫీసులోనే ఉన్నా. ఇల్లు చేరేసరికి బాగా ఆలస్యమవుతుంది."

"రేపు పొద్దున ముహూర్తం నాయనా. నువ్వు తెచ్చిపెట్టగలవా?"

"కుదరదక్కా. పొద్దున నాకు మీటింగుంది. సంచి వాచ్‌మన్ దగ్గర ఉంచమని చెప్తాలే, వచ్చి తీసుకో. ఆ సున్నుండలు మాత్రం జాగ్రత్త."

కుదరదన్న మాట అంత తేలిగ్గా వస్తుందని చౌడేశ్వరికి ఇన్నాళ్ళూ తెలియదు. అతని గొంతు తడబడలేదు. పైగా సున్నుండల సంగతి కూడా గుర్తుపెట్టుకున్నాడు.

అంతలో వదిన తలుపు తోసుకుని వచ్చింది. "ఎక్కడికి పోయావమ్మాయ్ పొద్దున్నుంచి? బిందు నీ కోసం చూసి చూసి అలిసిపోయింది. మధుపర్కాలు ఇలా ఇయ్యి, దేవుడి దగ్గర పెడతాను."

నిజం చెప్పడానికి అదే సమయం. చౌడేశ్వరి నోరు తెరిచింది. పెళ్ళి పనుల్లో ఉన్న మనిషి, ఇప్పుడీ సంగతి వింటే ఏమనుకుంటుందో అనిపించింది. "పొద్దున ఇస్తా వదినా" అంది. అప్పటికప్పుడు బయటికెళితే ఎక్కడికని అందరూ అడుగుతారని ఆ రాత్రికి ఆగిపోయింది.

తెల్లవారకుండానే కారు మాట్లాడుకుని ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది. వెళ్ళేటప్పుడు రోడ్లు ఖాళీగా ఉన్నాయి. కానీ వాచ్‌మన్ దగ్గర సంచి లేదు. సురేంద్ర రాత్రి వస్తూ, అన్నమాట మరిచిపోయి, దాన్ని పైకి పట్టుకెళ్ళి పడుకున్నాడు.

"ఫోన్ చేసి లేపండమ్మా" అన్నాడు వాచ్‌మన్.

"ఆలస్యంగా పడుకున్నాడట. పాపం, నిద్ర చెడుతుంది" అంది చౌడేశ్వరి. గేటు పక్కన బల్ల మీద కూర్చుంది. సురేంద్ర తీరిగ్గా లేచి, స్నానం చేసి, ఆఫీసుకి వెళుతూ కిందికి దిగి ఆమెను చూసి తెల్లబోయాడు.

"ఇక్కడ కూర్చున్నావేంటక్కా! ఒక్క ఫోన్ కొట్టాల్సింది!" అని పరుగున వెళ్ళి సంచి తెచ్చాడు.

అప్పటికి రోడ్లు నిండిపోయాయి. కారు రెండడుగులు వేసి ఆగుతోంది. వదిన ఫోన్ చేసింది. "ఎక్కడున్నావే? పంతులుగారు బట్టలడుగుతున్నారు!"

"వచ్చేశా వదినా, గుమ్మంలో ఉన్నట్టే" అంది చౌడేశ్వరి. కారు వంతెన కింద లారీ వెనక ఉంది.

ఆమె మాట నమ్మి వాళ్ళు వీలైనంతసేపు చూశారు. ముహూర్తం మాత్రం చూడలేదు. పంతులుగారు అవసరానికి ఉంటుందని తన సంచిలో వేసుకొచ్చిన కొట్లో కొన్న జత తీసిచ్చారు. చౌడేశ్వరి హాల్లోకి అడుగుపెట్టేసరికి గట్టిమేళం మోగుతోంది. గంజి పెట్టి బిరుసెక్కిన చీర కట్టుకుని బిందు తల వంచుకుంది. తాళి పడింది. చౌడేశ్వరి చివరి వరస కుర్చీల వెనక సంచి గుండెలకు హత్తుకుని నిలబడి చూసింది. చేతిలో అక్షింతలు కూడా లేవు.

భోజనాలయ్యాక బిందు తనే వెతుక్కుంటూ వచ్చింది. చౌడేశ్వరి జరిగిందంతా చెప్పేసింది. బిందు బట్టల మడత విప్పి, అంచు మీద పిందెల్ని వేలితో తడిమింది.

"రాత్రే నాకో మాట చెప్పుంటే బండి మీద మనిషిని పంపి తెప్పించేదాన్ని కదత్తా. ఈ ఊళ్ళో తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటారు."

"పెళ్ళికూతురివి, నిన్నెందుకు కంగారు పెట్టాలని..."

"నీకు నా దగ్గర కూడా మొహమాటమేనా?"

చౌడేశ్వరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రేపు వ్రతానికి ఇదే కట్టుకుంటాలే. కుచ్చిళ్ళు నువ్వే పెట్టాలి" అంది బిందు. కానీ ముహూర్తం ముహూర్తమే, వ్రతం వ్రతమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున చౌడేశ్వరి మేనకోడలికి చీర కడుతోంది. కుచ్చిళ్ళు సగం వేళ్ళ మధ్య ఉండగా ఫోన్ మోగింది. బిందు ఎత్తి అత్త చెవి దగ్గర పెట్టింది.

"చౌడమ్మా, పెళ్ళి బాగా జరిగిందా?" అంది కోటమ్మ. జవాబు కోసం ఆగకుండా, "వచ్చేటప్పుడు మా సురేంద్ర పాత మిక్సీ పట్టుకురావే. వాడు కొత్తది కొన్నాడు. నీకు దారిలోనే కదా" అంది.

చౌడేశ్వరి కళ్ళు మూసుకుంది. "కుదరదు పిన్నీ" అంది.

 చౌడేశ్వరి వేళ్ళ మధ్య కుచ్చిళ్ళు సడలాయి.

"సరేలే, పార్సిల్లో వేసెయ్యమంటా" అంది కోటమ్మ. "ఇంతకీ భోజనాల్లో ఏం పెట్టారో చెప్పు."

చౌడేశ్వరి కళ్ళు తెరిచి, వదులైన కుచ్చిళ్ళను మళ్ళీ సరిచేసి, నింపాదిగా దోపింది.

పిల్లలూ, అడిగినవాళ్ళు ఏమనుకుంటారోనని అందరి బరువూ మోసే మనిషి, తాను మోయవలసిన ఒక్కదాన్నే పోగొట్టుకుంటుంది. అందుకని కుదరని పనిని కుదరదని మొదట్లోనే చెప్పాలి.