చలమయ్య నేర్పని ఆట

మొగలివాగు అడవిలో కుందేళ్లు, దుప్పులు, ముంగిసలు, ఒక ముసలి ఎలుగుబంటి ఉండేవి. చలమయ్య అనే నక్క ఉండేవాడు. పోలమ్మ అనే అలుగు కూడా ఉండేది. అలుగుకు ఒంటినిండా పొలుసులు, కాళ్లకు కొడవళ్లలాంటి గోళ్లు. ఆ గోళ్లతో పుట్టలు తవ్వి చీమల్ని తిని బతుకుతుంది.

ఎండాకాలంలో వాగు ఎండిపోయి, రాళ్ల మధ్య ఒక్క ఊటగుంట మిగిలేది. ముందు తాగినవాళ్లకు తేట నీళ్లు, చివర తాగినవాళ్లకు బురద.

ఒక ఏడాది అడవి చూడటానికి మనుషులు వచ్చారు. రోజంతా చెట్టు కింద రమ్మీ ఆడారు. చలమయ్య పొద చాటు నుంచి చూసి ఆట నేర్చుకున్నాడు. వాళ్లు మరిచిపోయి వెళ్లిన పేకముక్కల కట్టను నోట కరుచుకుని గుంట దగ్గరికి వచ్చాడు.

"ఇక నుంచి ఇక్కడ ఆటదే తీర్పు. నన్ను గెలిచినవాళ్లు ముందు తాగొచ్చు. లేదంటే మా నక్కలన్నీ తాగాకే మీ వంతు" అన్నాడు. అతని వెనక ఆరుగురు అన్నదమ్ములు పళ్లు బయటపెట్టి నిలబడ్డారు.

ఎవరికీ ఆట రాదు. అందుకని ఎవరూ ఆటకు ముందుకు రాలేదు. నక్కలు తాగేవి, గుంటలో దొర్లేవి, ఒళ్లు దులుపుకుని వెళ్లేవి. మిగిలినవాళ్లు ఆ బురదే తాగేవాళ్లు.

బురద తాగి పోలమ్మ బిడ్డకు కడుపునొప్పి పట్టుకుంది. రెండు రోజులు తల్లి వీపు మీద నుంచి దిగలేదు. మూడో రోజు పోలమ్మ నేరుగా చలమయ్య దగ్గరికి వెళ్లింది.

"చలమయ్య గారూ, నాకు ఆ ఆట నేర్పండి."

చలమయ్య పడీపడీ నవ్వాడు. "చీమలు తవ్వే గోళ్లతో పేక పట్టుకుంటావా? ఇది బుర్ర ఉన్నవాళ్ల ఆట. పో, పుట్ట చూసుకో."

"నేర్పకపోతే మానెయ్యండి. ఇక్కడ కూర్చుని చూస్తాను."

"చూడు చూడు. పదేళ్లు చూసినా నీకు ఎక్కదు."

పోలమ్మ కూర్చుంది. చలమయ్య తన అన్నదమ్ములతో ఆడుతుంటే కన్నార్పకుండా చూసింది. నక్కలు కావాలని ఆమె మీద దుమ్ము రేపాయి. ఆమె కదలలేదు. ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు పంచుతారు. కట్ట నుంచి గానీ ఎదుటివాడు పడేసిన వాటి నుంచి గానీ ఒక ముక్క తీసుకుని, అక్కర్లేనిది పడేస్తారు. ఒకే రంగులో వరుసగా వచ్చిన మూడు నాలుగు ముక్కలు ఒక జత. ఒకే అంకె ఉన్న మూడు నాలుగు ముక్కలు మరో జత. జోకరు ఏ ముక్క లేకపోతే ఆ ముక్కకు బదులు నిలబడుతుంది. అన్నీ జతపడితే ఆట ముగిసినట్టే.

పది రోజులు చూశాక పోలమ్మ ఎదురుగా కూర్చుంది. "పంచండి" అంది.

ముక్కలు పట్టుకోబోతే గోళ్ల సందుల్లోంచి జారిపోయాయి. నక్కలు ఊళలు పెట్టాయి. పోలమ్మ నేల మీద గోటితో ఒక చాలు గీసి, ముక్కల్ని అందులో నిలబెట్టుకుంది. ఊళలు కాస్త తగ్గాయి.

చాలాసేపు ఆడి, పదమూడు ముక్కలూ జతపరిచి నేల మీద పరిచింది.

"చెల్లదు!" అని అరిచాడు చలమయ్య. "జోకరు కలవని వరస ఒక్కటైనా ఉండాలి. నీ వరసలన్నిట్లో జోకరు ఉంది. ఓడిపోయావు."

"ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా!"

ఆ రోజు నక్కలు పోలమ్మను అందరికంటే చివర తాగమన్నాయి. ఆమె బురద తాగి, మూతి తుడుచుకుని, "మళ్లీ వస్తాను" అంది.

ఇంటికెళ్లి యాభై రెండు ముక్కలకూ, జోకర్లకూ టేకాకుల మీద గోటితో గుర్తులు గీసింది. నూకాలు అనే కుందేలును పిలిచి తనకు తెలిసిందంతా నేర్పింది. ఇద్దరూ రోజూ ఆడారు. ఆడేకొద్దీ పోలమ్మకు ఒక విషయం గుర్తొచ్చింది. చలమయ్యకు రాజులు, రాణులంటే మోజు. చిన్న అంకెల్ని చిల్లర ముక్కలంటూ చూడకుండా విసిరేస్తాడు.

మరో పది రోజులకు ఆమె గుంట దగ్గరికి వచ్చింది. ఈసారి అడవి అంతా వెంట వచ్చింది.

"మళ్లీ బురద తాగాలనుందా?" అన్నాడు చలమయ్య.

"పంచు చలమయ్యా" అంది పోలమ్మ. గారూ లేదు, అండీ లేదు.

చలమయ్య చేతికి ఇద్దరు రాజులు వచ్చారు. మూడో రాజు కోసం కాచుకుని కూర్చున్నాడు. రెండు, మూడు, అయిదు ఏది వచ్చినా విసిరేశాడు. పోలమ్మ తనకు పనికొచ్చినవి ఏరుకుంది. ఆఖరికి ఆమెకు కళావరు ఏడు ఒక్కటే తక్కువైంది.

"ఈ చిల్లర నాకెందుకు?" అంటూ చలమయ్య కళావరు ఏడు విసిరాడు.

పోలమ్మ దాన్ని తీసి చాలులో పెట్టింది. అక్కర్లేని ముక్కను బోర్లించింది. "చూసుకో" అంటూ అన్నీ పరిచింది. ఆఠీను మూడు, నాలుగు, అయిదు వరసగా ఉన్నాయి. అందులో జోకరు లేదు. మిగిలినవన్నీ జతపడ్డాయి.

చలమయ్య మూడుసార్లు లెక్కపెట్టాడు. "మోసం! పేక సరిగ్గా కలవలేదు!"

"కలిపింది నువ్వే" అంది ముసలి ఎలుగు ముందుకొచ్చి. దుప్పులు కొమ్ములు వంచాయి. చలమయ్య అన్నదమ్ములు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

"ఈ ఒక్క రోజుకూ నువ్వు పెట్టిన కట్టుబాటే" అంది పోలమ్మ. "ఓడినవాళ్లది చివరి వంతు. రేపటి నుంచి ఆ కట్టుబాటు ఉండదు. ముందు పిల్లలు, తర్వాత ముసలివాళ్లు, ఆ తర్వాత మనం. నీళ్లు ఎవరూ పందెం కాయకూడదు. ఆట మాత్రం అడిగిన ప్రతివాళ్లకూ నేర్పుతాను. ఏ నియమమూ దాచను."

పోలమ్మ బిడ్డతో సహా పిల్లలంతా కేరింతలు కొడుతూ గుంట చుట్టూ మూగారు. అందరూ తాగాక చలమయ్య వంతు వచ్చింది. తల వంచి బురద నోట్లో పోసుకున్నాడు. గొంతు పట్టి దగ్గాడు. అది ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది.

నీతి: నీకు రాదని ఎవరో అన్నంత మాత్రాన విద్యను వదలకూడదు, దాన్ని దాచుకుని పెత్తనం చేసేవాడు ఏదో ఒకనాడు నేర్చుకున్నవాళ్ల ముందు తల వంచక తప్పదు.