చొక్కా చేతి మీది ఎరుపు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది రాజమ్మ. కలంకారీ గుడ్డలు ఉడికే కాగు కింద నలభై ఏళ్లు మంట పెట్టిన మనిషి. ఆ తర్వాత తలా ఒక రకంగా చెప్పారు. వాళ్లలో ఒక్కడూ ఆ మంట సెగ ఎరగడు, వాళ్ల మాట నాకొద్దు.

కలంకారీ వేసే చెంగల్రాయుడి దగ్గర వనజమ్మ అని, బళ్లో ఇంగ్లీషు చెప్పే పంతులమ్మ కలం పట్టడం నేర్చుకునేది. ఒకనాడు గీత మధ్యలో ఆగి అడిగింది.

"అయ్యా, ఇంగ్లీషులో ఒక మాట ఉంది. మనసును చొక్కా చేతి మీద పెట్టుకు తిరగడం అంటారు. లోపలిది దాచుకోలేనివాళ్లని అట్లా అంటారు. మెచ్చుకునీ అంటారు, వెక్కిరించీ అంటారు. మొన్న ఒక పిల్ల బడి మానేస్తుంటే నేను ఏడ్చానని నన్నూ అన్నారు, నవ్వుతా. నేను మారాలా?"

చెంగల్రాయుడు మారమనీ అనలేదు, వద్దనీ అనలేదు. తన గురువు మునస్వామి సంగతి ఎత్తుకున్నాడు.

మునస్వామి నోట మంచిమాట విన్నవాడు లేడు. తొమ్మిదేళ్లు ఆయన కింద పనిచేసి, పక్క ఊళ్లో సొంత కాగు పెట్టుకుంటానన్నాడు చెంగల్రాయుడు. గురువు అప్పుడు గుడ్డ మీద పటిక నీళ్లు పూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"పోయేవాడికి వాకిలి నేను చూపించాలా?"

శిష్యుడు కాళ్లకు మొక్కబోయాడు. గురువు తడిచేత్తో అతని చొక్కా చెయ్యి పట్టి, అంతలోనే వదిలేసి మొహం తిప్పుకున్నాడు. అతను తూలి గడప మీద పడ్డాడు. నెట్టేశాడని వీధి వీధంతా అనుకుంది. అతనూ అదే అనుకున్నాడు. ఇక ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ చొక్కా మళ్లీ తొడగనూ లేదు.

పటిక నీటికి రంగు లేదు. ఆరిందంటే ఉన్నట్టే తెలియదు. ఎర్రవేరు వేసి ఉడికించినప్పుడే, అది తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది.

ఏడాది గడిచింది. వేరు పస చూడాలంటే కాగులో ముందు ఒక పాత గుడ్డ వేస్తారు. చెంగల్రాయుడు ఆ చొక్కానే చింపి చేతి ముక్క వేశాడు. కోపం కూడా ఉంది మరి. కట్టెతో పైకి తీస్తే గుడ్డంతా లేత గులాబీ. మోచేతి పైన మాత్రం ఐదు వేళ్లు, చిక్కటి ఎరుపు. నెట్టిన చెయ్యయితే అరచెయ్యి పడాలి. ఇక్కడ నాలుగు వేళ్లు ఒక పక్క, బొటనవేలు రెండో పక్క. గుడ్డ ముడత పడేంత గట్టిగా పట్టిన పట్టు.

అతను మంట ఆర్పేశాడు. తడిముక్క చేత్తో పట్టుకునే బస్సెక్కాడు.

మునస్వామి ఆ ముక్కను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఉడుకు చాలలేదురా," అన్నాడు. తర్వాత కాగు దగ్గరికి కేక వేశాడు. "రాజమ్మా, వీడికి అన్నం పెట్టు."

వింటున్న వనజమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దాచుకోలేదు.

"నాకు ఆ ఎరుపు కనబడటానికి ఏడాది పట్టిందమ్మా," అన్నాడు చెంగల్రాయుడు. "ఆయన నన్ను నెట్టాడనే ఆ వీధిలో ఇంకా చెప్పుకుంటున్నారు. చదువుకున్నదానివి, అది తప్పని ఎక్కడైనా రాయి తల్లీ."