సూరీడమ్మ వరస

"సూరీడమ్మా! ఓ సూరీడమ్మా! గట్టెక్కవే, పొద్దు వాలిపోతోంది."

నాట్ల కూలీల ముఠా పెద్ద కన్నమ్మ పిలిచింది. సూరీడమ్మ కదల్లేదు. మోకాటి లోతు బురదలో అలాగే నిలబడింది.

ఇది ఏనాటిదో నేను చెప్పలేను. మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పిందట. సూరీడమ్మ ముగ్గురు బిడ్డల తల్లి. మూడో కాన్పయ్యాక నడుం కింద పట్టు పోయింది. తుమ్మితే ఉచ్చ జారేది. దగ్గితే జారేది. నవ్వితే జారేది. అలిసిపోయిన ఒళ్ళు, ఎవరికి చెప్పుకుంటుంది? అందుకే నాట్లకి మాత్రమే వచ్చేది. బురదలో అందరి కోకలూ తడే కదా. కోతలకి రమ్మంటే ఒంట్లో బాలేదనేది. ఎండిన చేలో తడి దాగదు మరి.

"నవ్వితే ముత్యాలు రాలతాయని భయం కాబోలు," అనుకునేవాళ్ళు ఆడవాళ్ళు.

మంత్రసాని పోలమ్మ ఒక్కతే పోల్చుకుంది.

"ఉచ్చ ఆపుకుంటావు చూడు, ఆ కండనే పైకి బిగించు. ఊపిరి మాత్రం ఆపకు. నాట్ల పాటలో ఒక వరస అయ్యేదాకా పట్టు. వదులు. మళ్ళీ పట్టు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మూడు నెలలు."

"మూడు నెలలా అత్తా?"

"మూడు కాన్పుల అలుపు మూడు రోజుల్లో పోద్దా?"

సూరీడమ్మ పట్టింది, వదిలింది. పట్టింది, వదిలింది. విసిగి ఏడ్చింది, మళ్ళీ పట్టింది. మెల్లగా పట్టు తిరిగొచ్చింది. కోతలకీ వచ్చింది. కానీ ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మరుసటేడు కోతలకి పచ్చి బాలింత గవరమ్మ వచ్చింది. ఎంత ఎండైనా గుక్కెడు నీళ్ళు తాగదు. మొదటి రోజు తాగలేదు. రెండో రోజు తాగలేదు. మూడో రోజు చేలోనే కూలబడింది. కోక తడిసింది. అందరూ చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు.

"రేపట్నించి రాకమ్మా," అంది కన్నమ్మ.

గవరమ్మ తల ఎత్తలేదు. సూరీడమ్మ కొడవలి కింద పెట్టింది.

ఇప్పటికీ మా వైపు బాలింత మళ్ళీ చేలోకి దిగిన రోజున ముందు ఆమెకి చెంబుడు నీళ్ళిస్తారు. పాటలో తొలి వరస ఆమె పాడదు, పట్టు పడుతుంది. మిగతావాళ్ళు ఆమె కోసం సాగదీసి పాడతారు. దాన్నే సూరీడమ్మ వరస అంటారు. పాటకి ముందు ఒక ముసలవ్వ, ఆనాడు సూరీడమ్మ అన్న మాటే, అందరికీ వినపడేలా అంటుంది.

"దానికొక్కదానికే కాదు కన్నమ్మక్కా. నాకూ జారేది. మూడేళ్ళు బురదలో దాచుకున్నాను."